పెట్రోలు గన్ను పదేపదే ఆగిపోతుంటే: నా అనుభవం

కర్నూలులో మా పాత కారుకు పెట్రోలు పోయించడమే పెద్ద టెన్షన్ అయిపోయింది. 2 లీటర్లు పడేసరికి గన్ను టక్‌మని ఆగిపోయేది. మళ్లీ నొక్కినా అంతే. వెనక ఆటోల హారన్లు. కల్లూరులో, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర, మూడు బంకులు మార్చినా అదే తంతు. అంటే లోపం మా బండిలోనే.

గన్ను కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ అది గాలి పీలుస్తుంది. పెట్రోలు వచ్చి ఆ రంధ్రాన్ని మూసేస్తే, ట్యాంకు నిండిందన్నట్టు గన్ను ఆగిపోతుంది. మా ట్యాంకు ఖాళీగానే ఉంది, నిండుతున్నది పైనున్న గొట్టం! పెట్రోలు దిగాలంటే లోపలి గాలి అంతే వేగంగా బయటికి రావాలి. దానికోసం పెద్ద గొట్టం పక్కనే సన్నని గాలి పైపు ఉంటుంది.

మెకానిక్ వెనక చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు విప్పి చూపించాడు. అంతకుముందు డెంటింగ్ చేసినచోట ఆ పైపును మడతపెట్టి బిగించేశారు. పైగా ఒకచోట కిందికి వేలాడుతోంది. ఆ వంపులో పెట్రోలు నిలిచి గాలికి దారే లేదు.

పెట్రోలుకు తట్టుకునే కొత్త పైపు తెప్పించి, ఎక్కడా వంపు లేకుండా ట్యాంకు దాకా వాలుగా వేయించాను. మామూలు నీళ్ల పైపు మాత్రం అస్సలు వేయించకండి, పెట్రోలుకు పాడైపోతుంది. ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయటే పని చేయించాను.

మర్నాడు 30 లీటర్లు ఆగకుండా పట్టింది. నిండాక ఒక్కసారే టక్‌మంది.