పాత కామన్ రైల్ లారీకి ఈసీఎం కొనేముందు, ట్యూనింగ్ చేయించేముందు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుండగా లోడు లారీకి పికప్ పడిపోయి చెక్ లైటు వెలిగిందంటే, షెడ్డులో మొదట వినపడే మాట "ఈసీఎం పోయింది". ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు బాక్సు. చాలాసార్లు పోయేది ఈసీఎం కాదు. దానికి కరెంటిచ్చే వైరు, దాని ఎర్త్, లేదా సెన్సర్లకు వెళ్లే ఐదు వోల్టుల లైను పోతుంది. అది చూడకుండా బాక్సు మార్చితే డబ్బు పోతుంది, వైరింగులో షార్టు అలాగే ఉంటే కొత్త బాక్సు కూడా పోతుంది.

ఇక్కడ చెప్పేది బీఎస్-4 (పొగ మీద ప్రభుత్వ ప్రమాణం) కాలం కామన్ రైల్ బండ్ల గురించి. అంటే రైల్ అనే ఒకే గొట్టంలో డీజిలును ఎక్కువ ప్రెషరులో నిలిపి ఇంజెక్టర్లన్నిటికీ పంచే బండ్లు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 వచ్చింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. అంతకుముందు వచ్చిన కామన్ రైల్ పికప్ వ్యాన్లకీ ఇదే వర్తిస్తుంది. బీఎస్-6 బండి లెక్క వేరు, దాన్ని ఇందులో కలపొద్దు.

ముందు కరెంటు, ఎర్త్

బ్యాటరీతో మొదలుపెట్టండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 12 వోల్టుల బండిలో 9.6 కంటే, 24 వోల్టుల బండిలో 19 కంటే కిందికి పడితే, బ్యాటరీ సంగతి తేల్చాకే మిగతాది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 12 బండికి 13.8 నుంచి 14.4, 24 బండికి 27.6 నుంచి 28.8 ఉండాలి.

తర్వాత ఎర్త్. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఈసీఎం ఎర్త్ పిన్ను వెనకవైపు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు. ఛాసిస్ మీద ఎర్త్ బోల్టు విప్పి, రంగూ తుప్పూ గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి.

కరెంటు వైరు విషయంలో మల్టీమీటరు ఒక్కదాన్నే నమ్మొద్దు. వైరు లోపల పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, లోడు పడగానే కూలిపోతుంది. ఈసీఎం కప్లర్ విప్పి, కరెంటు వైరుకీ ఎర్త్ వైరుకీ మధ్య 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు కట్టండి. 24 వోల్టుల బండైతే 24 వోల్టుల బల్బే. తెల్లగా, నిండుగా వెలిగితే లైను బాగుంది. ఎర్రగా మిణుకుమంటే రిలే, ఫ్యూజు హోల్డరు, మధ్యలో ఉన్న జాయింట్లు వెతకండి. మీటరు మొనను మాత్రం కప్లర్ రంధ్రంలోకి గుచ్చొద్దు. ఆడ పిన్ను వెడల్పయిపోతే, గతుకుల రోడ్డు మీద మాత్రమే కనపడే కొత్త జబ్బు మీరే తెచ్చినట్టు.

ఐదు వోల్టుల లైను ఇలా చూడాలి. తాళం ఆన్ చేసి రైల్ సెన్సర్ (రైల్‌లో డీజిలు ప్రెషరు కొలిచేది) కప్లర్ దగ్గర కొలవండి. ఐదు బదులు 2 వోల్టులో సున్నానో వస్తే, అదే లైను మీదున్న సెన్సర్లను ఒక్కొక్కటే విప్పుతూ రండి. ఏది విప్పగానే ఐదు తిరిగొచ్చిందో దొంగ అదే. అన్నీ విప్పినా రాకపోతే వైరు ఎక్కడో ఛాసిస్‌కి ఒరుసుకుంటోంది. క్యాబిన్ ఎత్తే బండ్లలో క్యాబిన్ మడత దగ్గర, గేర్‌బాక్సు పైన, ఎగ్జాస్టు పక్కన ముందు చూడండి.

స్కానరుకి (ఈసీఎంలోని రీడింగులు చదివే పరికరం) ఈసీఎం అసలు పలకకపోతే, బ్యాటరీ తీసేసి స్కానరు తగిలించే 16 పిన్నుల కప్లర్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి. ఈసీఎం మాట్లాడేది ఈ రెండు వైర్ల మీదే. మామూలుగా 60 రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నా వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి.

భావనపాడు, కళింగపట్నం వైపు తిరిగే బండ్లకి ఇంకో బాధ ఉంది, ఉప్పుగాలి. కప్లర్ విప్పితే పిన్నుల మొదట్లో ఆకుపచ్చ పొడి కనపడుతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే పైపూత లేచిపోయి ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. కాంటాక్ట్ క్లీనరు కొట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, ఆరాక బిగించండి. తిత్లీ లాంటి తుపానులో నీట మునిగిన బండి ఈసీఎంకి ఎండలో బయట ఆరిందని కరెంటు ఇవ్వొద్దు. బోర్డు విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి ఆరబెట్టాకే.

స్టార్టు కాని బండికి డీజిల్ ప్రెషరు కూడా చూడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు రైల్ ప్రెషరు సుమారు 200 బార్‌కి చేరకపోతే ఈసీఎం ఇంజెక్టర్లను తెరవదు. ఇది దాని తప్పు కాదు. ఫిల్టరు, గాలి పీల్చే పైపు, ఇంజెక్టర్ల రిటర్ను వెతకండి. ఇంజెక్టర్ కప్లర్ తీసి పెట్టే పనైతే ఇంజిన్ ఆపే చేయండి. ఇంజెక్టర్ తెరవడానికి ఈసీఎం డెబ్బై వోల్టుల దగ్గర పంపిస్తుంది.

ఏ బాక్సు కొనాలి

పైవన్నీ బాగున్నాయని తేలాకే కొనడం. పక్క బండి నుంచి మంచి బాక్సు తెచ్చి పెట్టి చూద్దామనే అలవాటు మానుకోండి. షార్టు అలాగే ఉంటే అరువు తెచ్చిన బాక్సూ కాలుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే స్టిక్కరు మీది నంబర్లు కలవాలి. బాష్ కంపెనీ డీజిల్ బాక్సుల పార్టు నంబరు 0281తో మొదలవుతుంది. చివరి అంకె దాకా ఒకటే ఉండాలి, సాఫ్ట్‌వేర్ నంబరూ చూసుకోవాలి. "అదే మోడలు లారీదే కదా" అనే మాట చాలదు. ఒకే పేరున్న బండిలో హార్స్‌పవర్ తేడా ఉంటే లోపలి మ్యాపులు (ఎప్పుడు ఎంత డీజిలు పంపాలో చెప్పే పట్టికలు) వేరు. కొనేముందు మూత అంచుల్లో విప్పిన గీతలు, కొత్త గమ్ము ఉన్నాయేమో చూడండి. పిన్నులు టార్చి వేసి ఒక్కొక్కటే చూడండి, వంగినదీ నల్లబడినదీ ఉంటే వద్దు.

తెచ్చిన బాక్సు నేరుగా పెడితే ఇమ్మొబిలైజర్ (తన తాళంచెవి కాకపోతే స్టార్టు కానివ్వని దొంగతనం అడ్డు) ఉన్న బండి స్టార్టు కాదు. పాత బాక్సు చదవగలిగితే దాని ఫ్లాషు (ప్రోగ్రామూ మ్యాపులూ ఉండేది), ఈప్రామ్ (ఆ బండి సొంత డేటా ఉండేది) రెండూ తీసి కొత్తదానికి ఎక్కించాలి. చదివిన ఫైలును లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, యజమాని దగ్గర ఒకటి ఉంచండి. ఎక్కించేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన సప్లై తగిలించాలి. మధ్యలో వోల్టేజీ పడితే బాక్సు అక్కడే మూగబోతుంది.

తర్వాత ఇంజెక్టర్ కోడ్లు. బాష్ ఇంజెక్టర్ తలమీద మామూలుగా 7 అక్షరాలు, డెల్ఫీ కంపెనీదైతే 16 లేదా 20. ఒక్కో సిలిండరుకి దానిది దానికే కొట్టాలి, స్కానరు ఫైరింగ్ ఆర్డరులో అడుగుతోందో సిలిండరు వరసలో అడుగుతోందో చదివి మరీ. తారుమారైతే ఐడిలింగులో ఊగుతుంది, టకటకమంటుంది, ఇంజెక్టర్ పోయిందని ఇంకో ఖర్చు పెట్టిస్తారు.

ట్యూనింగ్

ట్యూనింగ్ అంటే ఈసీఎం లోపలి మ్యాపులు మార్చి ఇంజిన్ బలం పెంచడం. జబ్బున్న ఇంజిన్‌కి ట్యూనింగ్ చేస్తే జబ్బు పెరుగుతుంది. ముందు రీడింగు తీయాలి. ఎన్‌హెచ్-16 మీద ఖాళీగా ఉన్న చదును చోట, పై గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి నిండుగా రేస్ తొక్కి, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు స్కానరు చూడాలి. ఈసీఎం అడిగిన రైల్ ప్రెషరూ వచ్చినదీ, అడిగిన బూస్టూ (టర్బో నెట్టే గాలి ప్రెషరు) వచ్చినదీ పక్కపక్కన రికార్డు చేయండి. లోడులో రైల్ ప్రెషరు వంద బార్ వెనకబడితే ఫిల్టరు, పంపు. బూస్టు వెనకబడి నల్లపొగ వస్తుంటే టర్బో నుంచి ఇంటర్‌కూలరుకి వెళ్లే హోసు చీలిందేమో సబ్బునీళ్లతో చూడండి. ఐడిలింగులో ఏ సిలిండరుకైనా ఈసీఎం చేసే డీజిలు దిద్దుబాటు మూడు, నాలుగు మిల్లీగ్రాములు దాటితే ఇంజెక్టర్ల పని చేయించాకే రండి.

అన్నీ సరిగా ఉంటే పది శాతం టార్క్ పెంచడం దగ్గర ఆగడం మంచిది. డీజిలు పెంచితే గాలి కూడా సరిపోవాలి. ఒక పాలు డీజిలుకి 18 పాళ్ల కంటే గాలి తగ్గితే పొగ మొదలవుతుంది, పొగ పరిమితి మ్యాపును తీసేయించుకోవద్దు. ఘాట్‌లో లోడుతో ఎక్కే బండికి టర్బో ముందు ఎగ్జాస్టు వేడి కొలిచే గేజు పెట్టించండి. చాలాసేపు 700 డిగ్రీలు దాటిందంటే పిస్టనూ టర్బోవీ రోజులు దగ్గరపడినట్టే, డీజిలు తగ్గించాలి. పెరిగిన టార్క్ మొదట క్లచ్ మీద పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

రైల్ సెన్సర్ కప్లర్ మధ్యలో తగిలించే చిన్న డబ్బాలు కొనొద్దు. అవి అసలు ప్రెషరు కంటే తక్కువ చూపించి ఈసీఎంని నమ్మిస్తాయి, అది పంపుని ఇంకా నెడుతుంది. పంపూ ఇంజెక్టర్లూ మోయాల్సింది మీరు స్క్రీను మీద చూడని ప్రెషరు. ఈజీఆర్ (ఎగ్జాస్టును కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మూసేయించడం, ఎగ్జాస్టును శుభ్రం చేసే యూరియా వ్యవస్థ తీసేయించడం చట్టానికి విరుద్ధం, పొగ పరీక్షలో దొరకడం కాదు గొడవ, ఆ పొగ పీల్చేది మన ఊళ్లే.

మైలేజీ పెరిగిందో లేదో డ్యాష్‌బోర్డు లెక్కతో తేల్చొద్దు. మ్యాపు మారాక ఆ లెక్కే తప్పుతుంది. అదే దారి, అదే లోడు, ట్యాంకు నింపి విజయనగరం నుంచి ఇచ్ఛాపురం వెళ్లొచ్చి మళ్లీ అదే బంకులో నింపి కొలవండి. కనీసం మూడు ట్రిప్పులు.

బాడీ వెల్డింగుకి ఇచ్చేముందు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ, ఈసీఎం కప్లరూ విప్పించండి, వెల్డింగు ఎర్త్ క్లాంపు వెల్డు పక్కనే పెట్టించండి. 12 వోల్టుల పికప్‌ని 24 లారీ బ్యాటరీతో స్టార్టు చేయించొద్దు. బాక్సు మార్చిన తర్వాత పాతదాన్ని స్క్రాపుకి వేయకండి. కొత్తదానిలో ఏదైనా డేటా పోతే మళ్లీ చదవాల్సింది దాన్నే.