పిల్లలు ఏడ్చినప్పుడు ఏదో ఒకటి కొనిపెట్టకుండా ఊరుకోబెట్టడం ఎలా?

మొన్నామధ్య సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ లైన్లో నిలబడ్డాం. మా నాలుగేళ్ల బాబు కౌంటర్ పక్కనున్న చాక్లెట్ గుడ్డు పట్టుకుని వదల్లేదు. వద్దన్నాను. గుక్కపట్టి ఏడ్చాడు. వెనకున్న పెద్దావిడ "పాపం, కొనివ్వమ్మా" అన్నారు. కొన్నాను, ఏడుపు ఆగింది. పార్కింగ్ దాకా వెళ్లేలోపే అందులోని బొమ్మ విరిగింది, మళ్లీ ఏడుపు. అసలు సంగతేమిటంటే, వాడి నిద్రవేళ ఎప్పుడో దాటిపోయింది. ఆ గుడ్డు నేను కొన్నది, అందరూ చూస్తున్నారన్న నా టెన్షన్ తీరడానికి.

అప్పటి నుంచి మా ఇంట్లో పాటిస్తున్న పద్ధతి ఇది.

1. ఏడుపు దేనికో ముందు చూడండి

ఆకలా, నిద్రా, రోజంతా అమ్మ కనిపించకపోవడమా, చెల్లి పుట్టాక తనని ఎవరూ ఎత్తుకోకపోవడమా? వస్తువు కావాలని పేచీ పెడుతున్నా, లోపలున్నది చాలాసార్లు ఇలాంటిదే. బయటికెళ్తే సంచిలో అరటిపండు, మంచినీళ్లు పెట్టుకోండి. నిద్రవేళకు బజారు పని పెట్టుకోకండి. సగం గొడవలు ఇక్కడే తప్పుతాయి.

2. ఇంట్లోనే మాట అనుకుని బయల్దేరండి

"ఈరోజు పప్పు, నూనె, సబ్బులు కొంటాం. బొమ్మలు కొనం" అని గడప దాటకముందే చెప్పండి. హైదరాబాద్‌లో జనవరిలో మొదలయ్యే నాంపల్లి నుమాయిష్‌కో, ఊళ్లో తిరునాళ్లకో వెళ్తుంటే "ఏమీ కొనం" అనడం అన్యాయం. వంద రూపాయలు వాడి చేతికే ఇచ్చి, "ఒక్కటే వస్తువు, అన్నీ చూశాక కొందాం" అనండి. ఇచ్చిన మాట మీరూ తప్పకూడదు.

బిల్లింగ్ కౌంటర్ దగ్గర చాక్లెట్లు పిల్లల చేతికందే ఎత్తులో ఊరికే పెట్టరు. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి పెద్ద దుకాణాల కౌంటర్ల దగ్గర చక్కెర, కొవ్వు, ఉప్పు మోతాదు మించిన తినుబండారాలు పెట్టకూడదని నిబంధన ఉంది. మన దగ్గర ఆ జాగ్రత్త మనమే పడాలి. ఇద్దరు పెద్దవాళ్లు వెళ్తే ఒకరు లైన్లో ఉండి, ఒకరు పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి.

3. దుకాణంలోనే ఏడుపు మొదలైతే

అన్నిటికన్నా కష్టమైన చోటు ఇదే. వాడి ఎత్తుకు కిందికి కూర్చోండి. "ఆ కారు నీకు చాలా నచ్చింది కదూ నాన్నా. కొనడం లేదని ఏడుపొస్తోంది" అని వాడి బాధను మాటల్లో పెట్టండి. "ఈరోజు కొనం" అని ఒక్కసారే చెప్పండి. తర్వాత డబ్బు విలువ గురించి, ఇంట్లో ఉన్న పాత కార్ల గురించి ఉపన్యాసం వద్దు. గుక్కపట్టి ఏడ్చే పిల్లలకు తర్కం చెవికెక్కదు. పక్కనే ఉండండి, రానిస్తే ఒళ్లోకి తీసుకోండి. మరీ ఎక్కువైతే సరుకుల బుట్ట అక్కడే వదిలి బయటికి నడవండి. సరుకులు రేపు కొనుక్కోవచ్చు.

తొమ్మిదిసార్లు వద్దని పదోసారి కొనిస్తే, పదోసారి దాకా ఏడవాలని పిల్లలు నేర్చుకుంటారు. ఎప్పుడో ఒకసారి ఫలితమిచ్చే అలవాటు, ప్రతిసారీ ఫలితమిచ్చే దానికన్నా మొండిగా నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. అందుకే కొనదలచుకుంటే ఏడుపు మొదలవకముందే సంతోషంగా కొనండి. మీరు కొనడం మానేసిన కొత్తలో ఏడుపు ఇంకా పెరగొచ్చు. పద్ధతి పనిచేయడం లేదని అప్పుడే వదిలేయకండి.

4. పగిలిన బుడగకు వెంటనే ఇంకోటి తేకండి

"పగిలిపోయింది కదా, పాపం" అని కాసేపు ఏడవనివ్వండి. పోయినదాని కోసం బాధపడి, మళ్లీ మామూలవడం పిల్లలకు ఇలాంటి చిన్న వాటితోనే అలవాటవుతుంది.

5. అమ్మమ్మ, తాతయ్యలతో విడిగా మాట్లాడండి

పిల్లల ముందు వాళ్లను కాదనకండి. వాళ్లకు పిల్లలమీద ఉన్న ప్రేమ తాయిలం రూపంలోనే అలవాటైంది, దాన్ని చిన్నబుచ్చకూడదు. "అత్తయ్యా, వాడు ఏడ్చినప్పుడు మాత్రం కొనివ్వొద్దు. మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పండి, మీ దగ్గరైతే ఇట్టే ఊరుకుంటాడు" అని అడిగాను. మా అత్తగారు నొచ్చుకోలేదు. సాయంత్రం గుడికెళ్లేటప్పుడు వాణ్ణి వెంట తీసుకెళ్తున్నారు.

6. ఆఫీసు నుంచి చేతులూపుకుంటూ రావడం అలవాటు చేసుకోండి

నాకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది ఇదే. రోజంతా దూరంగా ఉన్నానన్న బాధతో ఫోన్లో ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేదాన్ని. పది నిమిషాల్లో గుమ్మం ముందుండేది. ఇప్పుడు ఇంటికొచ్చాక మొదటి పావుగంట ఫోన్ పక్కన పెట్టి వాడితో నేలమీద కూర్చుంటున్నాను. వాడు ఏదైనా అడిగితే, ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో దాని బొమ్మ గీస్తాం. నెలాఖరున ఇద్దరం దాన్ని చూస్తాం. పోయినసారి ఆరు బొమ్మలున్నాయి. నాలుగింటిని వాడే క్రేయాన్‌తో కొట్టేశాడు. ఒకటి పుట్టినరోజుకని ఉంచుకున్నాడు. మిగిలిన గాలిపటం సంక్రాంతికి కొన్నాం.