ఆంగ్ల పదసంపద – నాలుగో పాఠం: మాటల అంతస్తులు

ముందుగా గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి జవాబులు. 'చూడడం' అనే అర్థమున్న లాటిన్ ధాతువు 'స్పెక్'కు ఉపసర్గలు చేర్చి మాటలు రాయమన్నాను. 'రి' చేరితే రెస్పెక్ట్. వెనుదిరిగి మళ్లీ చూడదగ్గవాడికి దక్కేది గౌరవమే కదా. 'సబ్' చేరితే సస్పెక్ట్, కింది నుంచి పైకి చూసే అనుమానపు చూపు. 'డి' చేరినప్పుడు ధాతువు రూపు కాస్త మారి డిస్పైజ్ అవుతుంది, అంటే పైనుంచి కిందికి చూడడం. మన 'చిన్నచూపు'లోనూ ఉన్నది చూపే. 'సర్కమ్' అంటే చుట్టూ, కాబట్టి సర్కమ్‌స్పెక్ట్ అంటే నాలుగు వైపులా చూసుకుంటే తప్ప అడుగు వేయనివాడు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఒకే ధాతువు నుంచి పుట్టాయని బడిలో విన్నవారికి ఇదంతా తెలిసిన దారే.

ధాతువు పట్టుకుంటే కొత్త మాటకు అర్థం ఊహించవచ్చు. అయితే అర్థం తెలిసిన మాటను వాడకూడని చోట వాడేవారికి మన దగ్గర కొదవ లేదు. మన దేశపు దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో ఎవరూ ఏదీ 'బై' చేయరు, 'పర్చేజ్' చేస్తారు. పని 'బిగిన్' కాదు, 'కమెన్స్' అవుతుంది. ఫలానా వీధిలో 'లివ్' చేయరు, 'రిసైడ్' చేస్తారు. ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కానీ ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాడి చెవికి ఇవన్నీ వరసగా పడితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ వాక్యం చదవండి: 'నేను సంతకు గమించి, కూరగాయలు క్రయం చేసి, గృహానికి ఆగమించాను.'

నవ్వు వచ్చిందంటే ఈ పాఠంలో సగం మీకు వచ్చేసినట్టే. అడగడం, ప్రశ్నించడం, విచారించడం ఒకటి కాదని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర లేదు. దారి అడుగుతాం, ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తాం, నిందితుణ్ణి పోలీసులు విచారిస్తారు. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇవే మూడు మెట్లు ఉన్నాయి: ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్. మొదటిది పాత ఇంగ్లీషు మాట, రెండోది ఫ్రెంచి నుంచి వచ్చింది, మూడోది నేరుగా లాటిన్ నుంచి తెచ్చుకున్నది. రైజ్, మౌంట్, అసెండ్ కూడా ఇలాగే. రాజు సింహాసనాన్ని అధిరోహిస్తాడు, అక్కడ అసెండ్ హుందాగా ఉంటుంది. సిటీ బస్సును అధిరోహించిన వాడిని నేను చూడలేదు.

అంతస్తు అనే మాట మేడకూ ఉంది, మనిషి హోదాకూ ఉంది. మాటల విషయంలో రెండర్థాలూ వర్తిస్తాయి.

ఈ అంతస్తులు ఎలా లేచాయి?

1066 అక్టోబరులో ఫ్రాన్సులోని నార్మండీ పాలకుడు విలియం హేస్టింగ్స్ దగ్గర యుద్ధం గెలిచి ఇంగ్లండుకు రాజయ్యాడు. అతనితో వచ్చిన ప్రభువులు ఒక రకం ఫ్రెంచి మాట్లాడేవారు. దొడ్లో ఉన్నంతవరకు కౌ, వంటకమయ్యాక బీఫ్ అన్న ఉదాహరణ ఎక్కడ చూసినా ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి, న్యాయస్థానంలోకి వెళదాం. మన అనుభవానికి అదే దగ్గర.

జడ్జి, జ్యూరీ, అటార్నీ, ప్లెయింటిఫ్, వర్డిక్ట్, ప్రిజన్: వీటిలో ఏదీ పుట్టుకతో ఇంగ్లీషు కాదు, అన్నీ ఫ్రెంచి ద్వారా వచ్చినవే. పాలించేవాడి భాషే కోర్టు భాష అయింది. న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేసేసరికి దాదాపు మూడు వందల ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత కూడా రికార్డులు లాటిన్‌లోనే రాసేవారు. ఇప్పుడు మన కోర్టు వరండాలో వినిపించే మాటలు గుర్తు చేసుకోండి: వకీలు, ఫిర్యాదు, ముద్దాయి, జామీను, జప్తు, దస్తావేజు. ఇవన్నీ పారసీ, అరబీ మూలాల నుంచి ఉర్దూ పాలనా వ్యవహారం మీదుగా మనకు చేరాయి. పాలకులు వెళ్లిపోయారు, వాళ్ల దస్తావేజు మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో ఉండిపోయింది.

ఇంటికి కన్నం పడితే మనం 'దొంగతనం' అంటాం. పత్రిక 'చోరీ' అని శీర్షిక పెడుతుంది. పండితుడు 'చౌర్యం' అంటాడు. మూడు భాషల పొరలు ఒకే నేరం మీద పేరుకున్నాయి. ఇంగ్లీషులో 'థెఫ్ట్' పాత మాట, 'లార్సెనీ' ఫ్రెంచి న్యాయవాదుల మాట. ఇంగ్లండు 1968లో తెచ్చిన కొత్త చట్టంలో లార్సెనీని పక్కన పెట్టి థెఫ్ట్‌నే చట్టం పేరుగా ఎంచుకుంది. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో లార్సెనీ ఇంకా నడుస్తోంది. కాబట్టి అమెరికా పత్రికలో ఆ మాట కనిపిస్తే అదేదో వేరే నేరమని కంగారు పడకండి.

వీలునామాను ఇంగ్లీషు వకీళ్లు 'విల్' అని ఊరుకోకుండా 'విల్ అండ్ టెస్టమెంట్' అంటారు. మొదటిది ఇంగ్లీషు, రెండోది లాటిన్. 'గూడ్స్ అండ్ చాటెల్స్'లో రెండో మాట ఫ్రెంచి. ఒకే సంగతిని రెండు భాషల్లో చెబితే గానీ దస్తావేజు రాసేవాడికి తృప్తి ఉండదు కాబోలు. మన విక్రయ పత్రాల్లో 'సర్వహక్కులు' అనే మాట చూసినవారికి ఇది వింతగా తోచదు. సంస్కృతపు 'సర్వ', అరబీ 'హక్కు' అక్కడ ఒకే మాటలో కాపురం చేస్తున్నాయి.

ఇక్కడొక జాగ్రత్త. పుట్టుక చూసి అంతస్తు నిర్ణయించేయకూడదు. చైర్, సిటీ, యూజ్, చివరికి వెరీ కూడా ఫ్రెంచి నుంచి వచ్చినవే, అయినా అవి వంటింటి మాటలైపోయాయి. మరోవైపు 'బిక్వీత్' అచ్చమైన పాత ఇంగ్లీషు. ఆస్తి రాసిచ్చే సందర్భం దాటి అది పెద్దగా బయటికి రాదు. 'ఫర్‌సేక్' కూడా పాతదే, పద్యంలోనో ప్రార్థనలోనో వినాలి. మనకూ అంతే. కోపం సంస్కృతం, కినుక అచ్చ తెలుగు. ఇంట్లో ఎవరికీ కినుక రాదు, కోపమే వస్తుంది.

నాలుగు మాటలు, ఒక్కొక్కటిగా

అంతస్తు తెలిశాక చూడవలసింది మాటకున్న సావాసం. ఉన్నత స్థాయి పదజాలం అంటే అరుదైన మాటల గుట్ట అనుకునేవారికి నేను చెప్పేది ఒకటే: ఏ మాట ఏ మాట పక్కన కూర్చుంటుందో తెలియడమే అసలు చదువు. తెలుగులో వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, చలి వేస్తుంది. ఇవి తారుమారైతే పసిపిల్లవాడు కూడా పట్టేస్తాడు.

నిఘంటువు తెరిస్తే మిటిగేట్, అలీవియేట్, అస్వేజ్, అలే అనే నాలుగింటికీ 'తగ్గించు' అనే అర్థం కనిపిస్తుంది. పట్టికలో నాలుగూ ఒకే వరసలో ఉంటాయి. పట్టిక బట్టీ పట్టినవాడు వాటిని ఇష్టమొచ్చినట్టు మార్చి మార్చి వాడతాడు. మన దగ్గర జ్వరం తగ్గుతుంది, ఆకలి తీరుతుంది, కోపం చల్లారుతుంది. 'జ్వరం తీరింది' అన్నవాడి తెలుగు ఎలా ఉందో, ఆ నాలుగింటినీ కలగలిపినవాడి ఇంగ్లీషూ అలాగే ఉంటుంది.

అలీవియేట్‌లో ఉన్నది 'తేలిక' అనే అర్థమున్న లాటిన్ మాట. నెత్తిమీది బరువు దించడం అనుకోండి. అందుకే నొప్పి, బాధ, కష్టం, పేదరికం దీని వెంట వస్తాయి. అన్నీ మనిషి మోసేవే. బరువు తగ్గుతుంది, పూర్తిగా పోవాలని లేదు. పూర్తిగా పోవాలంటే 'ఎరాడికేట్' కావాలి. అందులో 'వేరు' అనే లాటిన్ మాట ఉంది, వేళ్లతో సహా పెకలించడమే దాని భావం. 'నిర్మూలన'లో మూలం అంటే వేరే కదా, రెండు భాషలూ ఒకే పని ఒకే గునపంతో చేశాయి. ప్రభుత్వ పథకాల పత్రాల్లో ఈ రెండు మాటల్లో ఏది ఉందో చూడండి, వాగ్దానం ఎంతవరకో తెలిసిపోతుంది.

మిటిగేట్‌లో 'మెత్తన' ఉంది. రాబోయే దెబ్బ తీవ్రతను తగ్గించడం దీని పని. ముప్పు, నష్టం, దుష్ప్రభావం, వాతావరణ మార్పు దీనికి తోడు వస్తాయి. కోర్టులో 'మిటిగేటింగ్' పరిస్థితులు అంటే నేరం నేరమే అయినా శిక్ష మెత్తబడడానికి కారణమయ్యేవి. ఒక హెచ్చరిక: దీని తర్వాత 'అగైన్‌స్ట్' రాదు. ఇంగ్లీషు వాళ్లు కూడా తరచూ చేసే తప్పు ఇది. అలా రావలసిన మాట మిలిటేట్. సైనికుడనే లాటిన్ మాట నుంచి పుట్టింది కాబట్టి అది ఎదురు నిలిచి పనిచేస్తుంది.

అస్వేజ్‌లో 'తీయదనం' ఉంది. ఫ్రెంచి మీదుగా వచ్చింది. లోపల చేదుగా ఉన్నదాన్ని ఊరడించడం. అపరాధ భావం, దుఃఖం, ఆకలి, ఆగ్రహం దీని చుట్టాలు. పన్నుల భారాన్ని ఎవరూ అస్వేజ్ చేయరు. పన్నులు పెంచినందుకు జనంలో రేగిన కోపాన్ని చేయవచ్చు.

అలే ఒక్కటే ఈ నలుగురిలో పాత ఇంగ్లీషు సంతానం. 'కింద పెట్టడం' దాని మొదటి అర్థం. లేచిన దుమ్ము అణిగినట్టు, లేచిన భయం, అనుమానం, ఆందోళన దీనివల్ల అణుగుతాయి. చిన్న మాటే గాని పత్రికా ప్రకటనల్లో దీనికి పని ఎక్కువ. పుకార్లు లేచినప్పుడల్లా ఏదో ఒక మంత్రిత్వ శాఖ భయాలను 'అలే' చేస్తూనే ఉంటుంది.

అమెరికా చదువులకు సిద్ధమయ్యే పిల్లల సంచుల్లో వేల మాటల పట్టికలు ఇప్పటికీ కనిపిస్తాయి. జీఆర్ఈ పరీక్షలో వ్యతిరేక పదాలు, పదాల జోడీలు అడిగే ప్రశ్నలను 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి అందులో ఇమిడే మాటను అడుగుతారు. ఒక రకం ప్రశ్నలో ఆరు మాటల్లోంచి, వాక్యానికి ఒకే భావం తెచ్చే రెండింటిని ఎంచాలి. సావాసం తెలియనివాడు అక్కడ చిక్కుకుపోతాడు. చదవబోయేది పరిశోధన గ్రంథాలైతే, అవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషావేత్త 2000లో ప్రచురించిన విద్యావిషయక పదపట్టిక చాలు. అందులో ఉన్నవి 570 పద కుటుంబాలు మాత్రమే, ఎక్కువ భాగం లాటిన్, గ్రీకు మూలాలవి. అయినా పట్టికను పట్టికలా చదవకండి.

నోటు పుస్తకంలో ఒక మాటకు ఒక పేజీ కేటాయించండి. పైన మాట, దాని కింద ధాతువులోని తొలి భావం ఒక్క ముక్కలో. తర్వాత అది నిజంగా వచ్చిన మూడు వాక్యాలు, మీరు కల్పించినవి కాకుండా పత్రికలోనో పుస్తకంలోనో కనిపించినవి. ఆ పక్కనే ఆ మాట తోడు తెచ్చుకున్న నామవాచకాలు. చివర్లో అంతస్తు: ఇంట్లో, ఆఫీసులో, కోర్టులో, పద్యంలో, ఏదో ఒకటి రాయండి. తెలుగు అర్థం రాయవద్దని కొందరు గురువులు అంటారు. నేను ఒప్పుకోను. సరైన తెలుగు వాక్యం దొరికితే మాట గట్టిగా నాటుకుంటుంది, ఒంటరి తెలుగు అర్థమే మోసం చేస్తుంది. మర్నాడు, వారానికి, నెలకు ఆ పేజీని మూసి గుర్తు తెచ్చుకుని, తర్వాతే తెరిచి సరిచూసుకోండి.

ఈ వారం అభ్యాసం

కింది సందర్భాల్లో పై నాలుగు మాటల్లో ఏది వాడతారో, ఎందుకో ఒక వాక్యంలో రాయండి. ఊరి చుట్టూ కరకట్ట వేసి వరద నష్టం తగ్గించారు. టీకా మీద జనానికున్న భయాన్ని వైద్యులు పోగొట్టారు. కొత్త మందుతో కీళ్లనొప్పి కొంత నెమ్మదించింది. తల్లి చివరి రోజుల్లో పక్కన లేకపోయానన్న బాధను అణచుకోవడానికి కొడుకు ఊళ్లో బడి కట్టించాడు. కరవు వల్ల రైతులకు వచ్చిన ఇబ్బందులను ప్రభుత్వం తగ్గించింది. ఈ చివరిదానికి రెండు మాటలు సరిపోతాయి. ఏది వాడితే వాక్యం ఎటు మొగ్గుతుందో చెప్పాలి.

రెండోది, ఏదైనా ఇంగ్లీషు పత్రిక సంపాదకీయంలో పై అంతస్తు క్రియలు పది ఎంచి, ఒక్కోదానికి కింది అంతస్తు మాట పెట్టి చదవండి. ఎక్కడ వాక్యం బాగుపడిందో, ఎక్కడ చెడిందో గుర్తు పెట్టండి. వచ్చే పాఠం గ్రీకు మాటల మీద. ఈ జవాబులతోనే మొదలుపెడతాను.