వానాకాలమంతా షెడ్డులో ఉన్న పాత కారును మీట్‌కి తీసే ముందు

నవంబరు వచ్చిందంటే పాత కార్లవాళ్ల ఆదివారాలు మొదలవుతాయి. తెల్లవారకముందే కవర్లు తీస్తారు. ఎండ ఎక్కేలోపు మీట్ కోసం ఎక్కడో ఒకచోట అంబాసిడర్లు, పద్మినీలు, కాంటెస్సాలు, తొలినాటి మారుతి 800లు వరసగా నిలబడతాయి. జూన్ నుంచి కదలని బండికి ఆ మొదటి ఆదివారమే గండం. శనివారం సాయంత్రం బ్యాటరీ బిగించి, సెల్ఫ్ కొట్టి, ఇంజన్ అందుకోగానే బండి సిద్ధమైపోయిందనుకుంటారు చాలామంది. ఇంజన్ అందుకోకపోతే బండి ఇంట్లోనే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. ఇంజన్ అందుకుని బ్రేకు పట్టకపోతేనే కొంప మునుగుతుంది. అందుకే పని బ్రేకులతో మొదలుపెట్టండి. కనీసం వారం ముందు మొదలుపెట్టండి.

బ్రేకులు

పాత అంబాసిడర్‌కైనా పద్మినీకైనా నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, అంటే షూలనే పట్టీలు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకుని చక్రాన్ని ఆపుతాయి. ఆ కాలం బళ్లలో చాలావాటికి బ్రేకు ఆయిల్ లైను ఒక్కటే. ఏదో ఒక చక్రం దగ్గర, ఆయిల్ ఒత్తిడితో షూలను నెట్టే వీల్ సిలిండర్ కారితే చాలు, నాలుగింటికీ బ్రేకు పోతుంది. ఇప్పటి కార్లలో రెండు లైన్లు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. పాత బండికి ఆ అండ లేదు.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 155 దాకా దిగిపోవచ్చు. ఆ తేమే సిలిండర్ లోపలి గోడకు తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులను కోసేస్తుంది. వానాకాలం నిలబెట్టిన బండికి బ్రేకు పోయే దారి ఇదే.

బండిని జాకీ మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి, చక్రాలూ డ్రమ్ములూ విప్పండి. లోపలి దుమ్మును నోటితోగానీ ఎయిర్ గన్‌తోగానీ ఊదకండి, పాత బ్రేకు షూలలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. వీల్ సిలిండర్ చివరనున్న రబ్బరు బూటు అంచును వేలితో కాస్త ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే మంచిదే. వేలికి తడి అంటితే కప్పులు మార్చాలి; గోడ మీద గుంటలు కనబడితే సిలిండరే మార్చాలి. షూ లైనింగుకు ఆయిల్ పట్టి ఉంటే పెట్రోలుతో కడిగి మళ్లీ వేయకండి. వేడెక్కగానే ఆ ఆయిల్ మళ్లీ పైకి ఊరుతుంది, బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. షూలు మారిస్తే కుడి ఎడమలు రెండూ కలిపే మార్చండి.

తర్వాత పాత ఆయిల్ పూర్తిగా తీసేసి కొత్తది పోయండి. నిరుడు మూత తీసిన సీసా పనికిరాదు. డాట్ 5 అనే సిలికాన్ ఆయిల్‌ను దీనితో కలపకండి. లైనులో చిక్కిన గాలి తీసేటప్పుడు, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగు బళ్లలో మామూలుగా అది వెనక ఎడమ. ఆ తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. పనయ్యాక ఇంజన్ ఆపి ఉండగానే పెడల్‌ను గట్టిగా తొక్కి ముప్ఫై అంకెలు లెక్కపెట్టండి. పాదం కింద పెడల్ మెల్లగా దిగుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ కప్పులు అరిగాయి. స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల ఇంకా గాలి ఉంది. ఈ రెండింటిలో ఏది ఉన్నా బండి గేటు దాటకూడదు.

వచ్చే వానాకాలానికి ఒక మాట. హ్యాండ్‌బ్రేకు వేసి నెలల తరబడి వదిలేస్తే షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. గేరులో వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి, చాలు.

పెట్రోలు, నిప్పు

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులను అది మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. నీటిని పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పుకు దారి తీస్తుంది. అయిదు నెలలు నిలవ ఉన్న పెట్రోలు వార్నిష్ వాసన వేస్తోందంటే దానితో ఇంజన్ తిప్పకండి. ఆరుబయట, బ్యాటరీ తీసేసి, మూత ఉన్న డబ్బాలోకి దింపండి. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త పైపులు, క్లిప్పులు వేయండి. ఖర్చు చాలా తక్కువ.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరూ, వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్కన ఉంటాయి. కార్బొరేటర్ పైపు నుంచి జారే చుక్క కాలుతున్న ఇనుము మీద పడొచ్చన్నమాట. కాబట్టి పైపులు మార్చాక ఇంజన్‌ను పది నిమిషాలు నడవనిచ్చి, ప్రతి అతుకునూ తెల్లకాగితంతో అద్ది చూడండి. కాగితం తడిస్తే ఆపేయండి. డ్రైవర్ సీటు నుంచి చేయి చాపితే అందేచోట ఐఎస్ఐ గుర్తున్న డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బిగించండి. డిక్కీలో స్టెప్నీ కింద ఉన్నది అవసరానికి అందదు.

బానెట్ కింద ఎలుకలు కాపురం పెట్టాయేమో కూడా చూడండి. కొరికిన వైరుకు టేపు చుట్టి సరిపెట్టుకోకండి, ఆ ముక్క మార్చేయండి. ఇంకొక బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవాల్సి వస్తే ముందు మీ బండికి ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో చూసుకోండి. 1960ల దాకా వచ్చిన బ్రిటిష్ బళ్లలో చాలావాటికి ప్లస్సే బాడీకి ఉంటుంది.

మొదటిసారి స్టార్ట్ చేయడం

సెల్ఫ్ కొట్టే ముందు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో టీస్పూను ఇంజన్ ఆయిల్, అంటే 5 మి.లీ., పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్‌ను చేత్తో తిప్పండి. తిరక్కపోతే బలవంతం చేయకండి, మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి. తిరిగితే కాయిల్ వైరు తీసి, ప్లగ్గులు లేకుండానే, ఆయిల్ లైటు ఆరేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టండి. ప్లగ్గులు బిగించేది ఆ తర్వాతే. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు చూపించాలి. డైనమో ఉన్న బండైతే వేగం పెంచాకే అక్కడికి వస్తుంది.

రేడియేటర్ పైపులను చల్లగా ఉన్నప్పుడు పిండి చూడండి. పగుళ్లు కనబడినా, ఒత్తితే కరకరమన్నా మార్చండి. ముందు సస్పెన్షన్‌కు గ్రీజు ఎక్కించే నిపిళ్లన్నిటికీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి.

టైరు గీతలు లోతుగా ఉన్నాయని నమ్మకండి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: 3215 అంటే 2015లో 32వ వారం. పదేళ్లు దాటిన టైరు చూడ్డానికి కొత్తదిలా ఉన్నా రోడ్డుకు పనికిరాదు. స్టెప్నీది కూడా చూడండి, దాన్నే అందరూ మరిచిపోతారు.

కాగితాలూ దారీ

ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆర్సీ గడువులు చూసుకోండి. మొదట అమ్ముడై 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయించుకుంటే నంబరులో ‘వీఏ’ వస్తుంది. ఆ నంబరున్న బండి ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. దానిలో ఆఫీసుకు వెళ్లకూడదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కి.మీ. సాఫీ రోడ్డే అయినా అక్కడి బళ్ల వేగానికి మీ డ్రమ్ములు సరిపోవు. ఎడమ వరసలోనే ఉండండి, ముందు బండికి మామూలుకు రెట్టింపు ఎడం ఇవ్వండి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. గేరు తగ్గించి దిగండి.

మీట్‌లో

చూడ్డానికి వచ్చినవాళ్లకు: చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. పెయింటు మీది దుమ్ము ఇసుకే. ప్రేమగా నిమిరినా గీత పడుతుంది. బెల్టు బకిల్, బ్యాగు జిప్పు ఆనకుండా బండికి అడుగు దూరంలో నిలబడండి. మోరిస్ మైనర్ లాంటి బళ్లలో డోరు పక్క స్తంభంలోంచి లేచే చిన్న ఇండికేటర్ చేతులను పిల్లలు సరదాగా లాగుతారు. అది విరిగితే దొరకడం చాలా కష్టం. “లోపల చూడొచ్చాండీ?” అని అడిగితే నూటికి తొంభైమంది యజమానులు తామే డోరు తీసి చూపిస్తారు. వెలిసిన పెయింటును చూసి కొత్త పెయింటు కొట్టించమని సలహా ఇవ్వకండి. ఫ్యాక్టరీలో పడిన పూత ఒక్కసారే వస్తుంది, దాన్ని అలాగే కాపాడుకోవడం పెయింటు కొట్టించడం కన్నా కష్టమైన పని. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని ఎంత మర్యాదగా దూరం నుంచి చూస్తామో పక్కవీధి పద్మినీనీ అలాగే చూడాలి.

అసలు ప్రమాదం మీట్ అయిపోయి అందరూ వెళ్లేటప్పుడు వస్తుంది. గేటు బయట రెండు పక్కలా కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని “కొట్టన్నా, కొట్టు!” అని అరుస్తారు. ఎక్కువ పవరున్న, వెనక చక్రాలతో నడిచే కారు గేటు దాటిన తొలి వంద మీటర్లలోనే జనం మీదికి వెళ్తుంది. టైర్లు చల్లగా ఉంటాయి, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే తోక పక్కకు జారుతుంది. భయపడి కాలు ఒక్కసారిగా తీసేస్తారు. వెనక టైర్లకు మళ్లీ పట్టు దొరుకుతుంది, కానీ స్టీరింగు అప్పటికే అటుపక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి బండి కొరడాలా అవతలి వైపు తిరిగి ఫుట్‌పాత్ ఎక్కుతుంది. అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ కార్లకు ఈ చెడ్డపేరు ఇలాగే వచ్చింది. అంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది, పక్కన నిలబడ్డవాళ్లకు తప్పుకునే వ్యవధి ఉండదు.

కాబట్టి నిర్వాహకులు గేటు దగ్గర ఇద్దరిని నిలబెట్టి బళ్లను ఒక్కొక్కటిగా, ఎడంగా వదలాలి. రోడ్డు పక్కన ఎవరినీ నిలబడనివ్వకూడదు, ముఖ్యంగా మలుపు బయటి అంచున. రెచ్చగొట్టేవాళ్లను, రేసు చేసేవాళ్లను మళ్లీ పిలవకూడదు. రోడ్డు మీద రేసు చేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. పద్దెనిమిది నిండనివాడికి తాళాలిస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. ఆదివారం పొద్దున కాలనీలో సైలెన్సర్ మోగిస్తే వచ్చే వారం ఆ స్థలం ఎవరికీ దొరకదు.

ఇంటికి చేరాక బానెట్ ఎత్తి చల్లారనివ్వండి. ఒక్కో చక్రం దగ్గర చేయి పెట్టి చూడండి, తాకక్కర్లేదు. నాలుగింటిలో ఒకటే సెగ కక్కుతోందంటే ఆ బ్రేకు పట్టేస్తోంది. రాత్రికి బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరవండి. పొద్దున దాని మీద మచ్చ ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూస్తే, వచ్చే ఆదివారంలోపు ఏ పని చేయాలో తెలిసిపోతుంది.