జాంగో తొలి అడుగులు – 3వ పాఠం: ఒక్క ఫైలులో ఎక్కాల పేజీ

గత రెండు పాఠాల్లో పైథాన్‌నూ దానితో వెబ్‌సైట్లు కట్టే జాంగో అనే ఫ్రేమ్‌వర్క్‌నూ ఇన్‌స్టాల్ చేసుకున్నాం. బ్రౌజరు అడిగేదాన్ని రిక్వెస్ట్ అనీ, సర్వరు తిరిగి పంపేదాన్ని రెస్పాన్స్ అనీ చెప్పుకున్నాం. మామూలుగా ఈ దశలో స్టార్ట్‌ప్రాజెక్ట్, స్టార్ట్‌యాప్ అనే రెండు కమాండ్లు ఇమ్మంటారు. వాటితో మీరు ఒక్క అక్షరం రాయకముందే 13 ఫైళ్లు పుట్టుకొస్తాయి. మొదట్లో నేనూ అలాగే నేర్పేవాణ్ణి. ఒకరోజు ఒక విద్యార్థిని సెట్టింగ్స్ ఫైలును పైనుంచి కిందిదాకా చదివి, “ఇందులో ఇవాళ మనకు పనికొచ్చేవి ఏవండీ?” అని అడిగింది. వందకు పైగా పంక్తులున్న ఆ ఫైలులో ఆనాటి పాఠానికి కావలసినవి మూడే. అప్పటినుంచి నేను ఆ మూడింటితోనే మొదలుపెడుతున్నాను.

ఇన్ని ఫైళ్లు ఉండడం జాంగో లోపం కాదు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి దినపత్రిక కార్యాలయంలో 2003లో ఈ ఫ్రేమ్‌వర్క్ రూపుదిద్దుకుంది. 2005 జులైలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. గడువు ముంచుకొస్తుండగా పెద్ద సైట్లు కట్టవలసినవారికి అన్ని సరంజామాలూ ముందే అమర్చి ఉండడం వరమే. నేర్చుకునేవారికి మాత్రం ఏ వస్తువు ఎందుకో తెలిశాకే అది చేతికి రావాలని నా నమ్మకం.

ఇక పనిలోకి దిగుదాం. ఒక కొత్త పైథాన్ ఫైలు తెరిచి, దానికి ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కాలు అని పేరు పెట్టండి. జాంగో నుంచి నాలుగింటిని ఇంపోర్ట్ చేసుకోవాలి: సెట్టింగ్స్, హెచ్‌టీటీపీ‌రెస్పాన్స్, పాత్, కమాండ్ లైను నుంచి ఆదేశాన్ని అందుకునే ఫంక్షను. తరువాత సెట్టింగ్స్‌లోని కాన్ఫిగర్‌ను పిలిచి, ఆ మూడు విలువలు ఇవ్వండి. డీబగ్‌కు ట్రూ, సీక్రెట్ కీకి మీకు తోచిన ఏదో ఒక పొడవాటి పదం, రూట్ యూఆర్ఎల్‌కాన్ఫ్‌కు, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లున్న నేమ్. ఈ చివరిదానికి అర్థం, “చిరునామాల జాబితా ఈ ఫైలులోనే ఉంది” అని.

ఇప్పుడు అసలు ఫంక్షను. డెఫ్, రిటర్న్ వంటి పైథాన్ సొంత మాటలను ఇంగ్లిషులోనే టైపు చేయాలి గాని, మనం పెట్టే పేర్లు తెలుగులో ఉండవచ్చు. పైథాన్ 3 వాటిని చక్కగా అంగీకరిస్తుంది. అందువల్ల ఫంక్షనుకు ‘ఎక్కం’ అని పేరు పెట్టి, దానికి రిక్వెస్ట్, సంఖ్య అనే రెండు పారామీటర్లు ఇద్దాం. లోపల 1 నుంచి 10 వరకు ఫర్ లూప్ తిప్పి, “7 × 1 = 7” వంటి పంక్తులను కొత్త పంక్తిని మొదలుపెట్టే బీఆర్ ట్యాగుతో కలిపి, హెచ్‌టీటీపీ‌రెస్పాన్స్‌లో చుట్టి రిటర్న్ చేయాలి. రిటర్న్ మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు మీ ఫంక్షను రెస్పాన్స్ ఇవ్వలేదనీ, నన్ ఇచ్చిందనీ జాంగో స్పష్టంగా చెబుతుంది.

దాని కింద యూఆర్ఎల్‌పాటర్న్స్ అనే లిస్టులో ఒకే ఒక్క పాత్ రాయండి. అందులో మొదటిది చిరునామా: ‘ఎక్కం/<ఇంట్:సంఖ్య>/’ (ఇంట్ అంటే పూర్ణసంఖ్య; దాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాయాలి). రెండోది ఫంక్షను పేరు. 2017 డిసెంబరులో వచ్చిన జాంగో 2.0కు ముందు ఈ చిన్న పంక్తి రాయాలంటే టోపీ గుర్తు, కుండలీకరణాలు, ప్రశ్నార్థకం, చతురస్ర బ్రాకెట్లలో 0 నుంచి 9, ప్లస్, చివర డాలరు గుర్తు – ఇలా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే వేరే విద్య ముందుగా నేర్వవలసి వచ్చేది. పైగా 7 అన్నది అంకెగా కాక అక్షరంగా అందేది. కొత్తవారి దారిలోంచి ఇంత పెద్ద బండను తొలగించిన మార్పు జాంగోలో నాకు మరొకటి కనబడలేదు.

ఫైలు మొదట్లో పైథాన్ సొంత సిస్ మాడ్యూలును కూడా ఇంపోర్ట్ చేసుకోండి. ఫైలు చివర కమాండ్ ఫంక్షనును సిస్ మాడ్యూలులోని ఆర్గ్‌వీతో పిలిచి, టెర్మినల్‌లో పైథాన్, ఫైలు పేరు, రన్‌సర్వర్ అని వరుసగా ఇవ్వండి. బ్రౌజరులో 8000 పోర్టు దగ్గర ఎక్కం/7/ అని అడిగితే ఏడో ఎక్కం కనబడుతుంది.

ఇప్పుడు కావాలనే తప్పులు చేయండి. ఈ పాఠంలో అతిముఖ్యమైన భాగం ఇదే. 7కు బదులు ‘ఏడు’ అని రాస్తే, ఆ చిరునామా దొరకలేదని చెప్పే 404 పేజీ వస్తుంది. దాన్ని మూసేయకండి, చదవండి: మీరు అడిగిన చిరునామాను తాను ఏయే నమూనాలతో పోల్చి చూసిందో జాంగో అక్కడ వరుసగా రాస్తుంది. తెలుగు అంకె ౭ వేసినా అదే ఫలితం, ఎందుకంటే ఇంట్ గుర్తించేది 0 నుంచి 9 వరకున్న అంకెలనే. చివరి స్లాష్ తీసేసినా 404 తప్పదు. పూర్తి ప్రాజెక్టులోనైతే రిక్వెస్ట్‌కూ ఫంక్షనుకూ మధ్య పనిచేసే మిడిల్‌వేర్ దాన్ని చేర్చి సరైన చిరునామాకు పంపేది. మన ఫైలులో ఆ మిడిల్‌వేర్ లేదు. అది ఎందుకు ఉంటుందో ఇప్పుడు మీకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాతి పాఠానికి ముందు చేయవలసిన అభ్యాసం: ఎక్కం/7/20/ అని అడిగితే ఇరవై దాకా రావాలి. రెండో పాత్‌లో ‘వరకు’ అనే పేరు చేర్చండి. సరిగ్గా అదే పేరును ఫంక్షనులోనూ చేర్చి, విలువ రాకపోతే 10 అని పెట్టండి. ఫంక్షనులో చేర్చడం మరిస్తే, అనుకోని ఆర్గ్యుమెంట్ వచ్చిందంటూ టైప్‌ఎర్రర్ కనబడుతుంది. ఎక్కం 19 దగ్గరే ఆగిపోతే, రేంజ్ తన చివరి సంఖ్యను కలుపుకోదని గుర్తు తెచ్చుకుని, ‘వరకు’కు ఒకటి కలపండి.