ఇంగ్లీషు వాక్యాల అతుకు విడిపోతోందా? కంజంక్షన్ల చిక్కులు, పరిష్కారాలు

పదాలు సరైనవే, క్రియల కాలాలూ సరైనవే, అయినా రాసిన వాక్యం చదివేవారికి ఎక్కడో అడ్డుతగులుతున్నదంటే, దోషం తరచుగా రెండు వాక్యాలను కలిపిన చోట ఉంటుంది. తెలుగులో ఈ అతుకు సాధారణంగా ఉపవాక్యంలోని క్రియ చివర పడుతుంది: "వర్షం పడినా వెళ్లాను", "వర్షం పడితే వెళ్లను", "వర్షం పడుతున్నందున ఆగాను". ఇంగ్లీషులో అదే పనిని ఉపవాక్యానికి ముందు నిలిచే ఒక విడి పదం, అంటే కంజంక్షన్, చేస్తుంది. కింద చెప్పిన చిక్కుల్లో చాలా వాటికి మూలం ఈ తేడాయే కాబట్టి, ప్రతి తప్పునూ వేరుగా కంఠస్థం చేయడం కంటే దీన్ని గుర్తుపెట్టుకోవడమే మేలు.

లక్షణం: ఒకే అతుకుకు రెండు కంజంక్షన్లు పడుతున్నాయి

"ఆల్‌దో హి వాజ్ టయర్డ్, బట్ హి ఫినిష్డ్ ద వర్క్" అనేది బాగా చదువుకున్నవారి రాతలో సైతం కనిపించే వాక్యం. "యాజ్ ఇట్ వాజ్ లేట్, సో వి లెఫ్ట్" కూడా దీని తోబుట్టువే. "అతను అలసిపోయినప్పటికీ పని పూర్తి చేశాడు" అన్నప్పుడు "అప్పటికీ" రెండు వాక్యాల నడుమ సరిగ్గా కీలు దగ్గర ఉంటుంది. ఇంగ్లీషులో "ఆల్‌దో" వాక్యం మొదటికి వెళ్లిపోవడంతో నడుమ భాగం ఖాళీగా ఉన్నట్టు తోస్తుంది, అప్పుడు చేయి తనంతట తానే అక్కడ "బట్" రాసేస్తుంది.

రెండిటిలో ఏదో ఒకటి తీసివేస్తే సరిపోతుంది. "ఆల్‌దో హి వాజ్ టయర్డ్, హి ఫినిష్డ్ ద వర్క్" సరైనదే, "హి వాజ్ టయర్డ్, బట్ హి ఫినిష్డ్ ద వర్క్" కూడా సరైనదే. మొదటి దానిలో ఖాళీగా అనిపించే చోట కామా ఉంది, ఆ పనికి అది చాలు. అనుమానం వచ్చినప్పుడు వాక్యంలో కాలాన్ని చూపే క్రియలను లెక్కపెట్టండి. రెండు క్రియలుంటే ఒక అతుకు, మూడుంటే రెండు అతుకులు అవసరమవుతాయి. "బోత్" వెంట "ఆండ్", "ఐదర్" వెంట "ఆర్" వచ్చే జంటలు ఈ లెక్కలోకి రావు, అవి పుట్టుకతోనే జంటలు.

లక్షణం: కారణం చెప్పే ముక్క విడిగా పడిపోతోంది

"ఐ కుడ్ నాట్ కమ్. బికాజ్ ద ట్రెయిన్ వాజ్ లేట్." ఇక్కడ రెండవది పూర్తి వాక్యం కాదు. తెలుగులో "రాలేకపోయాను. ఎందుకంటే రైలు ఆలస్యమైంది" అని ఫుల్‌స్టాప్ పెట్టి రాయడంలో ఏ దోషమూ లేదు, ఆ అలవాటే ఇటు వచ్చింది. "బికాజ్" తన వెంట వచ్చే వాక్యాన్ని మరో వాక్యంపై ఆధారపడేలా చేస్తుంది కనుక, మధ్యనున్న ఫుల్‌స్టాప్‌ను తీసివేసి "ఐ కుడ్ నాట్ కమ్ బికాజ్ ద ట్రెయిన్ వాజ్ లేట్" అని రాయాలి. "బికాజ్"తో వాక్యాన్ని మొదలుపెట్టనే కూడదని బడిలో నేర్చుకున్నవారు చాలామంది ఉన్నారు, కానీ అది నియమం కాదు. ప్రధాన వాక్యం వెంట వస్తే అలా మొదలుపెట్టవచ్చు.

ఇదే పదంతో ఇంకొక సూక్ష్మమైన చిక్కు ఉంది. "షి డిడ్ నాట్ లీవ్ బికాజ్ షి వాజ్ యాంగ్రీ" అంటే కోపం వల్ల ఆమె వెళ్లకుండా ఉండిపోయిందనా, వెళ్లింది గానీ కోపం వల్ల కాదనా? రెండర్థాలూ పొసగుతాయి. వ్యతిరేకార్థక క్రియ తర్వాత "బికాజ్" వచ్చినప్పుడల్లా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. మొదటి అర్థమే ఉద్దేశించినట్లయితే కారణాన్ని ముందుకు జరపండి: "బికాజ్ షి వాజ్ యాంగ్రీ, షి డిడ్ నాట్ లీవ్."

లక్షణం: "అన్‌టిల్", "అన్‌లెస్" ఉన్న వాక్యాలు తలకిందులవుతున్నాయి

"అన్‌టిల్ హి డజ్ నాట్ కమ్, వి కెనాట్ స్టార్ట్" అని రాసేవారి మనసులో "అతను రానంతవరకు మొదలుపెట్టలేం" అన్న తెలుగు వాక్యం ఉంటుంది. "రాని" అన్న మాటలో ఉన్న వ్యతిరేకార్థాన్ని వారు "నాట్" అని అనువదించారు. "అన్‌టిల్" అంటే "వచ్చేవరకు" అన్న అర్థమే కాబట్టి దానికి "నాట్" అక్కరలేదు: "అన్‌టిల్ హి కమ్స్, వి కెనాట్ స్టార్ట్." "అన్‌లెస్" విషయం ఇంకొంచెం భిన్నం. దానిలోనే "కాకపోతే" అన్న అర్థం ఇమిడి ఉంది. "సాధన చేయకపోతే" అన్న భావానికి "అన్‌లెస్ యు ప్రాక్టీస్" సరిపోతుంది. దానికి "డోంట్" చేరిస్తే "సాధన చేస్తే" అన్న విరుద్ధార్థం వస్తుంది.

ఇలాంటి ఉపవాక్యాల్లోనే "విల్" కూడా అనవసరంగా చొరబడుతుంది. జరగబోయే సంగతే కదా అని "వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్" అని రాస్తారు. కాలాన్ని, షరతును చెప్పే ఉపవాక్యంలో వర్తమానం ఉంచి, "విల్"ను ప్రధాన వాక్యానికే వదలండి: "వెన్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్." "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్" మాత్రం సరైనదే, ఎందుకంటే అక్కడ "ఇఫ్" షరతును కాక "వస్తాడో రాడో" అన్న సందేహాన్ని చెబుతోంది.

లక్షణం: ప్రశ్నకు ముందు "దట్" వచ్చి చేరుతోంది

"హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ వాజ్ ఐ గోయింగ్" అనే వాక్యానికి కారణం మన "అని". చెప్పినా, అడిగినా, అనుకున్నా తెలుగులో "అని" ఒక్కటే అన్నిటినీ మోస్తుంది. "దట్" అంత ఉదారమైనది కాదు, ప్రశ్నను మోయదు. "వేర్", "వై", "హౌ" వంటి ప్రశ్నపదం ఉంటే అదే అతుకవుతుంది, అవునా కాదా అన్న ప్రశ్నకు "వెదర్" గానీ "ఇఫ్" గానీ వస్తుంది. అతుకు పడ్డాక ప్రశ్న మామూలు వాక్యంలా మారి కర్త ముందుకు రావాలన్నది చాలామంది మరిచిపోయే సగం: "హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్."

లక్షణం: కామా మీద మోయలేని బరువు పడుతోంది

"ద రోడ్ వాజ్ క్లోజ్‌డ్, హవెవర్ వి రీచ్‌డ్ ఆన్ టైమ్" అన్న వాక్యంలో "హవెవర్" కంజంక్షన్‌లా కనిపిస్తుంది గానీ అది క్రియావిశేషణం. రెండు స్వతంత్ర వాక్యాలను కామాతో కలపగలిగిన ముఖ్యమైన పదాలు ఏడు: ఫర్, ఆండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. "హవెవర్", "దేర్‌ఫోర్" వంటివాటికి ముందు సెమీకోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ పెట్టి, తర్వాత కామా పెట్టాలి. "డిస్పైట్" కూడా కంజంక్షన్ కాదు, ప్రిపొజిషన్. దాని వెంట "ద రెయిన్" వంటి నామవాచకం రావాలి, పూర్తి వాక్యమే కావాలంటే "ఆల్‌దో" వాడాలి.

లక్షణం: "ఆండ్" గొలుసు తెగడం లేదు

"ఐ ఓపెన్‌డ్ ద ఫైల్ ఆండ్ ఐ సా ద ఎర్రర్ ఆండ్ ఐ కాల్‌డ్ ద మేనేజర్ ఆండ్ హి టోల్డ్ మి టు వెయిట్." వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు లేదు, కానీ ఏది ముఖ్యమో తెలియదు. తెలుగులో "తెరిచి, చూసి, పిలిస్తే" అంటూ ఎంత పొడవు పోయినా, చివరి క్రియ ఒక్కటే నిండుగా ఉండి మిగిలినవి దానికి లోబడి ఉంటాయి. ప్రతి "చూసి"నీ "ఆండ్"గా మార్చితే ఆ పెద్దాచిన్నా వరస పోయి అన్ని క్రియలూ సమానమవుతాయి. కాబట్టి ముందు అసలు సంగతేదో నిర్ణయించుకుని, మిగిలిన దాన్ని "వెన్", "ఆఫ్టర్", "హూ" వంటి పదాలతో దాని కిందికి చేర్చాలి: "వెన్ ఐ ఓపెన్‌డ్ ద ఫైల్, ఐ సా ద ఎర్రర్. ఐ కాల్‌డ్ ద మేనేజర్, హూ టోల్డ్ మి టు వెయిట్." గొలుసును రెండుగా తెంచడం ఇక్కడ సగం పరిష్కారం, మొదటి సగాన్ని "వెన్" కిందికి దించడం మిగతా సగం.