గోడల మీది అసమీకరణాలు: తరగతిలో వెతుకులాట నడిపే పద్ధతి

సమీకరణాలను తడుముకోకుండా సాధించే పిల్లలు సైతం అసమీకరణాల (<, ≥ వంటి గుర్తులున్న లెక్కల) దగ్గరికి వచ్చేసరికి గుర్తును తారుమారు చేస్తుంటారు. నల్లబల్ల మీద లెక్క వెంట లెక్క చేయించడంకంటే, జవాబును గోడల మీద వెతుక్కుంటూ తిరిగే ఆటలో ఆ పొరపాటు వాళ్లకే దొరుకుతుందని హనుమకొండలో పాఠం చెబుతూ గ్రహించాను. (తెలియని రాశికి మన ప్రాచీన బీజగణితంలో ‘యావత్తావత్’ అనే మాటలోని ‘యా’ను వాడేవారు, ఇక్కడా దాన్నే వాడుతున్నాను.)

ముందుగా 12 అట్టముక్కలు తీసుకుని, ఒక్కొక్కదాని పైభాగంలో ఒక జవాబును, కింద ఒక కొత్త లెక్కను రాయాలి. ఒక కార్డులోని లెక్కకు జవాబు మరో కార్డు పైభాగంలో ఉండాలి. చివరి లెక్క జవాబు మళ్లీ మొదటి కార్డు మీదికి చేరాలి, అప్పుడు కార్డులన్నీ కలిసి ఒక వలయం అవుతాయి. వరుస సంఖ్యలు వేస్తే దారి తెలిసిపోతుంది కాబట్టి కార్డులకు వేప, చింత, మోదుగ, ఇప్ప వంటి చెట్ల పేర్లు పెట్టడం మేలు. కార్డులను గోడల మీద అంటించాక పిల్లలు జట్లుగా ఒక కార్డులోని లెక్క చేసి, దాని జవాబున్న కార్డు దగ్గరికి వెళ్తూ, కార్డుల పేర్లను వరుసగా కాగితం మీద రాసుకుంటారు.

ఆట ఫలించేదీ, తేలిపోయేదీ లెక్కల ఎంపికను బట్టే. తప్పు జవాబు గోడ మీద ఎక్కడా కనిపించకపోతే పిల్లవాడు ఆలోచించకుండానే గుర్తును తిప్పేసి ముందుకు సాగుతాడు. అందువల్ల ఒక లెక్కకు వచ్చే తప్పు జవాబు, వలయంలో దూరంగా ఉన్న మరో లెక్కకు ఒప్పు జవాబు అయ్యేలా చూడాలి. ఉదాహరణకు −2యా < 6 అనే లెక్కకు జవాబు యా > −3. రుణసంఖ్యతో భాగించినప్పుడు గుర్తు మార్చడం మరచినవారికి యా < −3 వస్తుంది. 2యా + 1 < −5 అనే మరో లెక్కకు సరైన జవాబు అదే కాబట్టి ఆ కార్డు గోడ మీద ఎలాగూ ఉంటుంది. అటు వెళ్లిన జట్టు మధ్యలోని కార్డులను చూడకుండా దాటిపోతుంది. బయలుదేరిన చోటికి తిరిగి వచ్చినా కాగితం మీద 12 పేర్లు ఉండవు, లేదా ఇదివరకే రాసుకున్న కార్డు మళ్లీ ఎదురవుతుంది.

రెండు మూడు కార్డులను మాటల లెక్కలకు కేటాయించాలి. తెలుగులో ఇక్కడొక చిక్కుంది: ‘ఓటరు వయసు 18 ఏళ్లకు తక్కువ కాకూడదు’ అన్నప్పుడు ‘తక్కువ’ అనే మాట కంటపడగానే చాలామంది ≤ రాస్తారు, ‘మించకూడదు’ అంటే ≥ రాస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లే బండి మోసే బరువు 1500 కిలోలకు మించకూడదనీ, బండిలోని మనుషులు 150 కిలోలు, ఒక్కో బస్తా 45 కిలోలు ఉంటాయనీ చెప్పి, ఎన్ని బస్తాలు ఎక్కించవచ్చో అడగండి. 45యా + 150 ≤ 1500 నుంచి యా ≤ 30 వస్తుంది. బస్తాల సంఖ్య భిన్నంగానీ రుణసంఖ్యగానీ కాదన్న మాట పిల్లల నోటనే వచ్చేదాకా ఆగాలి.

ఆటకు ముందు వరండాలో సుద్దముక్కతో సంఖ్యారేఖ గీసి, 2 మీద ఒకరినీ 5 మీద ఒకరినీ నిలబెట్టి, −1తో గుణిస్తే ఎక్కడికి వెళ్లాలో నడిచి చూపమనండి. కుడివైపున ఉన్నవారు సున్నాను దాటి మరింత ఎడమకు చేరడం కళ్లారా చూసినప్పుడు, గుర్తు ఎందుకు తిరగబడుతుందో వేరుగా చెప్పవలసిన పని ఉండదు.

36 మంది ఉంటే ముగ్గురేసి చొప్పున 12 జట్లు చేసి, ఒక్కో జట్టును ఒక్కో కార్డు దగ్గర మొదలుపెట్టించాలి. దానితో ఒకేచోట గుమిగూడరు. ఆటకు అరగంట చాలు. దారి తప్పిన జట్టుకు తప్పేదో చెప్పకండి. వచ్చిన జవాబులోని ఒక సంఖ్యను మొదటి అసమీకరణంలో ప్రతిక్షేపించి చూడమనండి. యా < −3 అన్నవారు −4 వేస్తే 8 < 6 అని వస్తుంది, అక్కడే ఆగి వెనక్కి వెళ్తారు. చివర్లో కాగితాలన్నీ తీసుకుని, ఎక్కువ జట్లు ఏ చెట్టు దగ్గర పక్కదారి పట్టాయో చూసుకుంటే, మరునాటి పాఠం ఆ కార్డుతోనే మొదలుపెట్టవచ్చు.